కానీ అంటే అవునా?

ఆఫీసులో ఆమెను అందరూ కామా అనేవారు. ఏ కాగితం చేతికిచ్చినా నాలుగు కామాలు పెట్టందే తిరిగివ్వదని మొదట్లో చాటుగా అనుకునేవారు. తర్వాత మొహం మీదే పిలవడం మొదలుపెట్టారు. ఆవిడా పలకడం మొదలుపెట్టింది, దాంతో ఆ పేరు స్థిరపడిపోయింది.

ఆవిడ ఉద్యోగం వివరణలు రాయడం. ఫలానా బటన్ నొక్కితే ఏమవుతుంది, ఫలానా గడి నింపకపోతే ఏమవుతుంది, అలాంటివి. ఇన్నాళ్ళూ మనుషుల కోసం రాసేది. మనుషులు వివరణలు చదివిన పాపాన పోరు కాబట్టి, ఎక్కడైనా ఓ మాట అటూ ఇటూ అయినా కొంపలేం మునగలేదు. ఇప్పుడు కొత్తగా ఏజెంట్ల కోసం రాయమన్నారు. ఆ మాట విని వాళ్ళక్క, "ఇన్సూరెన్సు ఏజెంట్లకా? వాళ్ళకి మనం చెప్పేదేముందే, వాళ్ళే మనకి చెప్తారు గదా!" అంది. ఆ ఏజెంట్లు కాదు. నోటితో చెప్పిన పని విని, తమకిచ్చిన టూల్స్‌లో దేన్ని వాడాలో తామే తేల్చుకుని, వాడేసే ప్రోగ్రాములు. వాటితో వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, అవి చదువుతాయి. పొల్లు పోకుండా చదువుతాయి. చదివింది చదివినట్టు నమ్ముతాయి. రాసేవాళ్ళకి ఇంతకంటే గౌరవమూ లేదు, ఇంతకంటే గండమూ లేదు.

ఆమె చేతికొచ్చిన మొదటి టూల్ చెరిపేసే టూల్. గొంతు క్లినిక్ వాళ్ళది. గొంతుకి ఆపరేషన్ జరిగి మాట పోబోయేవాళ్ళు ముందే ఆ క్లినిక్‌కి వచ్చి, అద్దాల గదిలో కూర్చుని, ఇచ్చిన వాక్యాలన్నీ చదివి రికార్డు చేయించుకుంటారు. ఆ రికార్డింగుల నుంచి వాళ్ళ గొంతులాంటి గొంతొకటి తయారవుతుంది. తర్వాత వాళ్ళు ఫోన్‌లో టైపు చేస్తే ఆ గొంతు పలుకుతుంది. ఈ టూల్‌ని పిలిస్తే రికార్డింగు అసలు చోటి నుంచీ పోతుంది, నకలు నుంచీ పోతుంది, నకలుకి నకలు నుంచీ పోతుంది. తిరిగి తెచ్చే మార్గం ఎక్కడా లేదు. మార్గం పెట్టడం చేతగాక కాదు, కావాలనే పెట్టలేదు. మనిషి తన గొంతు తీసెయ్యమంటే నిజంగా తీసెయ్యాలి, పైకి తీసేశామని చెప్పి అటకమీద దాచకూడదు అన్నది క్లినిక్ వాళ్ళ మాట. కామాకి ఆ మాట నచ్చింది. నచ్చడం వేరు, దాని గురించి నాలుగు లైన్లు రాయడం వేరు.

ఎందుకంటే ఆ గొంతుల్లో ఆమె బావ గొంతు కూడా ఉంది.

బావ బస్సు డ్రైవరు. ఆపరేషన్‌కి ముందు అక్కను వెంటేసుకుని వెళ్ళి, వాక్యాలన్నీ చదివొచ్చాడు. ఇప్పుడు ఫోన్ గొంతుతో మాట్లాడతాడు. ఆ గొంతు బావదే, కాదనడానికి లేదు. కాకపోతే బావ వార్తలు చదువుతున్నట్టు ఉంటుంది. "కూరలో ఉప్పెక్కువైంది" అన్నా, ఎక్కడో వరదలొచ్చాయని చెప్పినంత గంభీరంగా చెబుతుంది. పిల్లలు నవ్వేవారు, బావా భుజాలు ఊపుతూ నవ్వేవాడు. అక్క మాత్రం పైకి నవ్వి వంటింట్లోకి వెళ్ళిపోయేది.

క్లినిక్ వాళ్ళు ఈ మధ్య ఓ కబురు పంపారు. రికార్డింగప్పుడు పనికిరావని పక్కన పడేసిన ముక్కలు, అంటే దగ్గులు, తడబాట్లు, మధ్యలో మాట్లాడుకున్న మాటలు, ఇంకా తమ దగ్గరే ఉన్నాయని. కొత్త ఏజెంటు పనిలోకి దిగాక, ఆ గొంతు తాలూకు మనిషి వచ్చి ఊఁ అంటే చెరిపేస్తామని, లేదంటే ఉంచేస్తామని. అందరికంటే ముందు బావే జవాబిచ్చాడు. చెరిపెయ్యమన్నాడు.

ఆ ఆదివారం అక్క ఇంటికి వెళ్తే, అక్క కామాని పెరటి మెట్లమీద కూర్చోబెట్టి మనసులో మాట బయటపెట్టింది.

"ఆ ముక్కల్లో ఆయన నన్ను పిలిచారే. వాక్యానికీ వాక్యానికీ మధ్య, కండక్టరూ… నీళ్ళు, అని. కండక్టరూ… ఫ్యాన్ కట్టమను, అని. వాళ్ళు పనికిరాదని తీసి పక్కన పెట్టింది అదేనేమో."

పెళ్ళైన కొత్తలోనే బావ అక్కకి పెట్టిన పేరది. ఇంట్లో చిల్లరకీ, చీటికీ, ఎవరెక్కడ దిగాలో ఎక్కడ ఎక్కాలో అన్నిటికీ అక్కదే పెత్తనం కాబట్టి కండక్టరు. చివర్న దీర్ఘం తీసి, వీధి మలుపు నుంచే పిలిచేవాడు. ఇప్పుడు ఫోన్‌లో టైపు చేస్తాడు. ఫోన్ "కండక్టరు" అని ఎక్కడా సాగకుండా పలికి ఊరుకుంటుంది. పిలిచినట్టుండదు, హాజరు వేసినట్టుంటుంది.

"మరి బావకి చెప్పవేం?"

"చెబుదామనే అనుకున్నా. ఆయన ఆ చెత్తంతా తీసేయిస్తున్నానన్నారు. సరేనన్నాను. కానీ… అన్నాను. ఆయన టీవీ పెట్టుకున్నారు." అక్క కొంగుతో మెట్టుమీద లేని దుమ్ము దులిపింది. "ఆయన గొంతు ఆయనిష్టం. అసలే పోయిందని లోపల కుమిలిపోతున్నారు. దాని మీద నేను హక్కులు అడగనా? నువ్వూ నోరెత్తకు. నామీద ఒట్టు."

కామాకి ఒళ్ళు మండింది. ఎవరిమీద మండిందో తేల్చుకోలేక, ఒట్టు మాత్రం వేసి వచ్చింది.

ఆఫీసులో ఆమె పైఅధికారిని మూడుముక్కలాయన అనేవారు. ఏది చెప్పబోయినా "మూడు ముక్కల్లో చెప్పండి" అనేవాడు. చెడ్డవాడు కాదు, కంగారు మనిషి. కామా మొదట రాసిన వివరణలో కంగారంతా ఆవిడదే: ఇది అతి ప్రమాదకరం, తిరుగు లేదు, జాగ్రత్త, మరీ మరీ జాగ్రత్త. దాన్ని ఏజెంటుకిచ్చి ఉత్తుత్తి రికార్డింగుల మీద పరీక్ష పెట్టారు. ఆఫీసులో ఒకాయన రోగి వేషం కట్టి, తన గొంతు చెరిపెయ్యమన్నాడు. ఏజెంటు నిజంగానా అంది. నిజంగానే అన్నాడు. మరోసారి ఆలోచించుకోమంది. ఆలోచించానన్నాడు. ఇంట్లోవాళ్ళతో మాట్లాడారా అంది. చివరికి ఆయన తల ప్రాణం తోకకొచ్చి, కుర్చీలోంచి లేచిపోయాడు.

"చూశారా," అన్నాడు మూడుముక్కలాయన. "తన గొంతు తాను తీయించుకోవడానికి మనిషి దీని కాళ్ళు పట్టుకోవాలన్నమాట. మీరు దాన్ని భయపెట్టారు గానీ, దానికి పని చెప్పలేదండీ."

కామా ఆ కాగితం వెనక్కి తీసుకుంది. అన్నది నిజం. నిప్పు కాలుతుందని చెప్తే సరిపోదు, పొయ్యి ఎప్పుడు వెలిగించాలో కూడా చెప్పాలి.

రెండోసారి కూర్చున్నప్పుడు ఆమె బుద్ధి కాస్త గడ్డి తింది. 'భార్య గానీ భర్త గానీ ఉంటే వారు కూడా ఒప్పుకోవాలి' అని ఓ వాక్యం రాసింది. రాసి, చూసుకుని, ఎంత బాగుందో అనుకుంది. అక్క ఒట్టూ చెల్లుతుంది, అక్క పనీ అవుతుంది. కాఫీ తాగొచ్చి మళ్ళీ చదివింది. మొగుడి నుంచి పారిపోయి వచ్చినావిడ ఒకావిడ ఉంటుంది గదా అనిపించింది. తన గొంతు ఆ మనిషి చేతికి చిక్కకూడదని చెరిపించుకోవడానికి వస్తే, వెళ్ళి ఆయన్ని తీసుకురమ్మంటుందా ఈ టూల్? ఆవిడెవరో కామాకి తెలీదు. ఉందో లేదో తెలీదు. అయినా ఆవిడ ఎదురుగా నిలబడి తనకేసే చూస్తున్నట్టనిపించి, సిగ్గేసి, ఆ వాక్యం కొట్టేసింది. అక్క కోసం కళ్ళు తుడుచుకుంది కూడా, టిష్యూ కాగితం లేక రుమాలుతో.

ఇక బుద్ధిగా రాసింది. ఎప్పుడు వాడాలి: గొంతు తాలూకు మనిషి స్వయంగా అడిగినప్పుడు. ఎప్పుడు వాడకూడదు: సర్దమన్నా, శుభ్రం చెయ్యమన్నా, చోటు చెయ్యమన్నా వాడకూడదు, ఆ మాటలకి అర్థం ఇది కాదు. వాడేముందు: ఏమేం పోతాయో చదివి వినిపించి, ఒక్కసారి, ఒకే ఒక్కసారి అడగాలి. ఒప్పుకుంటే వాడాలి. ఒప్పుకోవడమంటే ఏమిటో కూడా రాయాలి గదా. సరే, ఊఁ, అలాగే, కానీ, కానివ్వు, తీసెయ్. క్లినిక్‌లో రికార్డింగులు చూసే సౌండమ్మాయి ప్రతిదానికీ "ఊఁ, కానీ" అంటుంది, అందుకని ఆ మాట కూడా వేసింది. మూడుముక్కలాయన చదివి, "భేష్, ఇది వివరణంటే," అన్నాడు.

ఈసారి పరీక్ష క్లినిక్‌లోనే పెట్టారు. సౌండమ్మాయే రోగి వేషం. బొమ్మ రికార్డింగులు కొన్ని ఎక్కించారు. ఏజెంటు గోడమీది స్పీకరులోంచి మర్యాదగా మాట్లాడింది. ఏమేం పోతాయో చదివింది, మళ్ళీ రావని చెప్పింది. "చెరిపేయమంటారా?" అని అడిగింది.

"కానీ…" అంది సౌండమ్మాయి. ఆ చివరిదొక్కటి ముందు విని చూస్తాను అనబోయింది పాపం. ఈలోగా తుమ్మొచ్చింది.

తుమ్మి తలెత్తేసరికి, "చెరిపేశానండీ," అంది స్పీకరు.

గది గదంతా ఘొల్లుమంది. సౌండమ్మాయి ముక్కు తుడుచుకుంటూ, "నేను చెయ్యమనలేదు బాబోయ్, కానీ అన్నాను!" అంది. "అదే గదమ్మా, కానీ అన్నావు, అది కానిచ్చింది," అని మూడుముక్కలాయన పొట్ట పట్టుకున్నాడు.

కామాకి నవ్వు రాలేదు. పక్కనున్న స్టూలుమీద కూర్చుంది. పని చెయ్యమనడానికీ అదే మాట, ఆగమనడానికీ అదే మాట. పుట్టినప్పటి నుంచీ రెండు రకాలుగానూ వాడుతోంది, ఇంతవరకూ పక్కపక్కన పెట్టి చూసుకోలేదు. నోటితో అన్నప్పుడు తేడా తెలుస్తుంది, ఒకటి కిందికి దిగుతుంది, ఒకటి పైన వేలాడుతుంది. రాతలో పడ్డాక రెండూ ఒక్కటే. రాసింది తనే. ఇన్ని కామాలు పెట్టిన మనిషి, ఎక్కడ ఆగాలో అక్కడే పప్పులో కాలేసింది. బొమ్మ రికార్డింగులు కాబట్టి సరిపోయింది.

"ఆ మాట తీసెయ్యండి, గొడవొదిలిపోతుంది," అన్నాడు మూడుముక్కలాయన, వెనక్కి వెళ్ళేటప్పుడు కారులో.

"తీసేస్తే చాలదండీ."

"మూడు ముక్కల్లో చెప్పండి."

"కానీ అన్నవాళ్ళ దగ్గర ఇంకో మాట ఉంటుంది," అంది కామా. "అది పైకి రాదు. మీరు ఆ మాటని తీసేస్తే ఏజెంటు ఊరికే విననట్టు ఉండిపోతుంది. తర్వాత ఎవరో సరే అంటారు, అంతా చెరిగిపోతుంది. వినిపించుకోకపోవడానికీ, అవుననుకోవడానికీ పెద్ద తేడా ఏముందండీ?"

"అయితే ఏమంటారు?"

"అడగాలి. కానీ, ఏమిటి, అని అడగాలి. అడిగి, జవాబు వచ్చేదాకా ఆగాలి. గదిలో ఆ మాట ఎవరన్నా సరే. ఆ తర్వాత నిర్ణయం మళ్ళీ గొంతు తాలూకు మనిషిదే."

ఆయన కిటికీ అద్దం దించాడు. "మా ఆవిడ కూడా కానీ… అని ఆపేస్తూ ఉంటుంది," అన్నాడు. "సరే, రాయండి."

రాసేటప్పుడు ఆమె తనని తాను నిలదీసుకుంది. ఇది అక్క కోసం రాస్తున్నానా? అక్క కోసమే. అక్క లేకపోయినా రాసేదాన్నా? తుమ్ము చూశాను గదా, రాసేదాన్నే. మొగుణ్ణి వదిలొచ్చినావిడకి దీనివల్ల చెడుపుందా? లేదు, ఆవిడ ఒక్కతే వస్తుంది, ఆవిడ మాటే చెల్లుతుంది. ఇంత వాదించుకున్నాక గానీ ఆ వాక్యానికి చుక్క పెట్టలేదు.

బావ వంతు వచ్చిన రోజు కామా సెలవు పెట్టి వాళ్ళతో వెళ్ళింది. ఒట్టు వేసిన నోరు కాబట్టి దారంతా కూరగాయల ధరలు తప్ప ఏమీ మాట్లాడలేదు. అద్దాల గదిలో గోడలకి మెత్తటి నురగ పలకలు, ఓ బల్ల, మూడు కుర్చీలు. సౌండమ్మాయి నిలబడే ఉంది. బావ కుర్చీలో నిటారుగా కూర్చుని, ఎప్పుడు కదులుదామా అన్నట్టు ఫోన్ మీద బొటనవేలు ఆడిస్తున్నాడు. అక్క నీళ్ళసీసా ఒళ్ళో పెట్టుకుంది.

స్పీకరు నమస్కారం చెప్పింది. పక్కన పెట్టిన ముక్కలు ఏ రోజువో, ఎన్ని నిమిషాలో చదివింది. "ఇవి అసలు చోటు నుంచీ, నకళ్ళ నుంచీ పోతాయండీ. మళ్ళీ తేవడానికి వీలుండదు. చెరిపేయమంటారా?"

బావ టైపు చేశాడు. "సరే. తీసెయ్," అంది వార్తల గొంతు.

"కానీ…" అంది అక్క.

అని, ఎప్పటిలాగే అక్కడితో ఆపేసింది. కామా కుర్చీ అంచు పట్టుకుంది. ఆ క్షణంలో ఆమెకి తన రాత మీద కాణీ ఎత్తు నమ్మకం లేదు.

"కానీ, ఏమిటండీ?" అంది స్పీకరు.

అక్క ఉలిక్కిపడి, అడిగిందెవరా అని చుట్టూ చూసింది. "నన్నేనా?"

"కానీ అన్నవారినేనండీ. చెప్పండి, ఆగుతాను."

"ఏం లేదు," అంది అక్క.

మనుషులైతే అక్కడితో వదిలేద్దురు. ఏం లేదంటోందిగా, కానివ్వండి, అందురు. దీనికి ఆ తొందర లేదు. జవాబు రాలేదని అర్థం చేసుకుందో ఏమో, ఊరుకుంది. బావ కూడా ఫోన్ మీంచి తలెత్తి అక్కకేసి చూశాడు. గదిలో ఫ్యాన్ కూడా తిరగడం లేదు. అక్క సీసా మూత బిగించి, విప్పి, మళ్ళీ బిగించింది.

"అందులో మీరు నన్ను పిలిచిన పిలుపుంది," అంది చివరికి, బావకేసి చూడకుండా. "అది నాక్కావాలి. ఇప్పుడు మీరు టైపు చేస్తే వస్తోంది, వస్తోంది గానీ, ఎవరో పిలిచినట్టుంటోంది. నేను మూణ్ణెల్ల నుంచీ… అదొక్కటీ నాకు ఉంచండి. మిగతాది మీ ఇష్టం."

బావ బొటనవేలు గాల్లో ఆగిపోయింది. తర్వాత టైపు చేశాడు. చెరిపాడు. మళ్ళీ చేశాడు. ఎంతసేపు చేశాడంటే, సౌండమ్మాయి మొహం తిప్పుకుని వైర్లు సర్దడం మొదలుపెట్టింది.

"ఆ పిలుపుందని నాకు గుర్తే లేదు," అంది వార్తల గొంతు. "నేను తీసెయ్యమన్నది వేరే ముక్క. ఆ రోజు నిన్ను నీళ్ళకి పంపి ఏడ్చాను. అది నీ చెవిన పడకూడదు."

వరదల కబురు చెప్పినట్టే చెప్పింది. ఎవరూ నవ్వలేదు.

"పడింది," అంది అక్క.

బావ తలుపుకేసి చూశాడు.

"తలుపు సరిగ్గా పడలేదు. సీసా పట్టుకుని బయటే నిలబడ్డాను. మీరు ముక్కు చీదుకుని, మొహం తుడుచుకున్నాక లోపలికొచ్చాను. నాకు తెలిసినట్టు మీకు తెలిస్తే బాధపడతారని…"

బావ ఫోన్ బల్లమీద పెట్టేశాడు. నోరు తెరిచాడు. పెదాలు కదిలాయి, గాలి తప్ప ఏమీ రాలేదు. చివర్న దీర్ఘం మాత్రం అలాగే సాగింది, గాలి గాలిగానే.

"ఆఁ," అని పలికింది అక్క, ఎన్నో ఏళ్ళుగా పలికినట్టే.

"ఆఁ అన్నారండీ," అంది స్పీకరు. "చెరిపేయమనేనా?"

"వద్దు!" అని అక్కా, కామా, సౌండమ్మాయీ ఒక్కసారే అరిచారు.

"గొంతు తాలూకు వారు చెప్పాలండీ," అంది స్పీకరు, మర్యాదగా.

బావ భుజాలు ఊగిపోతున్నాయి. నవ్వుకో, దేనికో ఎవరికీ తెలియలేదు. ఫోన్ అందుకుని, తడబడే వేళ్ళతో అక్షరాలు వెతుక్కున్నాడు.

"వద్దు. ఏదీ చెరపొద్దు," అంది ఆయన గొంతు. "ఇప్పుడే వింటాం, ఇద్దరం. ముందు నేను ఏడ్చింది పెట్టు."

కామా లేచి, సౌండమ్మాయి చెయ్యి పట్టుకుని బయటికొచ్చి, తలుపు పూర్తిగా పడేదాకా నొక్కి వేసింది.